అమృతాంజనం డబ్బుతో అచ్చయిన అక్షరం

(కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జయంతి నాడు, కృష్ణా జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో, ఉద్యోగ విరమణ చేసిన విలేకరి ఒకరు చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరసలో చాప మీద కూర్చున్న పిల్లలకి కూడా నమస్కారం. మే నెల ఉక్కలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని సాయంత్రం పూట, ఎప్పుడో వెళ్ళిపోయిన ఒక పత్రికాయన గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం. లైబ్రేరియన్ అమ్మాయి నాకు ఫోను చేసి, "బాబాయిగారూ, ఒక అరగంట మాట్లాడండి చాలు" అంది. అరగంట దాటితే ఆ గంట కొట్టమ్మా, కూర్చుంటాను.

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆయనకి పార్శ్వపు నొప్పి ఉండేది. బడి నుంచి వచ్చాక నుదుటికి అమృతాంజనం రాసుకుని, అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని, పాత ఆంధ్రపత్రిక ఉగాది సంచిక ఒకటి తెరిచి చదువుకునేవారు. ఆయన దగ్గర అలాంటివి నాలుగైదు ఉండేవి, ట్రంకు పెట్టెలో. నేను పక్కన కూర్చుని బొమ్మలు చూసేవాణ్ణి. అందుకే ఆ పసుపుపచ్చ మందు ఘాటు, పాత కాగితం వాసన, రెండూ నాకు ఒకే వాసనగా గుర్తుండిపోయాయి. ఆ రెండూ ఒకే మనిషి చేతి మీదుగా మా అరుగు దాకా వచ్చాయని నాకు చాలా ఏళ్ళ తర్వాత, పత్రికలో చేరాక గానీ తెలియలేదు. నాన్నగారికి తెలుసు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ మనిషి మన జిల్లా వాడే. ఎలకుర్రులో 1867 మే 1న పుట్టారు. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. బందరులో చదివారు, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో 1891లో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో పట్టా పుచ్చుకున్నవాడికి సర్కారు కొలువు సిద్ధంగా ఉండేది. ఈయన అటు వెళ్ళలేదు. వ్యాపారం నేర్చుకుంటానని మద్రాసులో ప్రయత్నించారు, కలకత్తా వెళ్ళారు, చివరికి బొంబాయి చేరారు. అక్కడ ఒక కంపెనీలో గుమాస్తాగా చేరి, మందుల వ్యాపారం ఆనుపానులు పట్టుకుని, 1893లో సొంతంగా అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. డబ్బా వెల పది అణాలు. సంగీత కచేరీలకి వచ్చినవాళ్ళకి ఉచితంగా పంచిపెట్టారు. ముందు మనిషి చేతిలో పెట్టు, పనిచేస్తే వాడే వెతుక్కుంటూ వస్తాడు అన్నది ఆయన పద్ధతి. అలాగే వచ్చారు జనం. డబ్బు వచ్చింది, బాగా వచ్చింది.

ఇక్కడి దాకా ఒక వ్యాపారస్తుడి కథ. ఇలాంటి కథలు మనకి చాలా ఉన్నాయి. డబ్బు సంపాదించాక గుడికి మండపం కట్టించినవాళ్ళు, సత్రం కట్టించినవాళ్ళు, చలివేంద్రం పెట్టించినవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళకీ నేను దణ్ణం పెడతాను. పంతులుగారు పత్రిక పెట్టారు. అది కూడా ఎప్పుడు పెట్టారో చూడండి, నా మాటంతా దాని మీదే.

1907 డిసెంబరులో సూరత్ కాంగ్రెసు రెండుగా చీలిపోయింది. అతివాదులు ఒకవైపు, మితవాదులు ఒకవైపు. ఆ సభల తర్వాతే మనకంటూ ఒక తెలుగు పత్రిక ఉండాలన్న ఆలోచన పంతులుగారికి గట్టిపడింది. ఆ మరుసటి సంవత్సరం, 1908, పత్రికలవాళ్ళకి చాలా చెడ్డ సంవత్సరం. జూన్‌లో సర్కారు పత్రికల మీద కొత్త చట్టం తెచ్చింది. నేరానికి ఉసిగొల్పావని తేలిస్తే అచ్చుయంత్రాన్నే జప్తు చేసుకోవచ్చు. జూలై 22న అదే బొంబాయిలో తిలక్‌కి ఆరేళ్ళ ద్వీపాంతర శిక్ష వేశారు. చేసిన నేరం, తన కేసరి పత్రికలో రాసిన వ్యాసాలు. బొంబాయి మిల్లు కార్మికులు ఆరేళ్ళ శిక్షకి ఆరు రోజులు పని ఆపేశారు. ఇక్కడ మన బెజవాడలో స్వరాజ్య పత్రిక నడుపుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని, తిరునెల్వేలి కాల్పుల గురించి రాసినందుకు, అదే సంవత్సరం జైల్లో వేశారు. బీఏ, ఎంఏ చదివిన మనిషిని.

తిలక్‌కి శిక్ష పడి రెండు నెలలైనా కాలేదు. 1908 సెప్టెంబరు 9న, అదే బొంబాయి నుంచి, ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది.

నాకు ఈ తేదీ దగ్గర ఎప్పుడూ కొంచెంసేపు ఆగాలనిపిస్తుంది. 41 ఏళ్ళ మనిషి. వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. ఊరు మన ఊరు కాదు, భాష మన భాష కాదు. అప్పటికే ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు ఉన్నారు, కాదనను. కామాటిపుర అన్న పేరే మన కూలీల పేరు. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి వెళ్ళి, రాళ్ళు మోసి, ఆ నగరాన్ని కట్టినవాళ్ళు కామాటీలు. కానీ వాళ్ళని నమ్ముకుని పెట్టిన బేరం కాదు ఇది. చదువరులు ఎక్కడో వందల మైళ్ళ దూరాన, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉన్నారు. పత్రిక పెట్టినవాడు ఎదురుగా రాజద్రోహం కేసులు చూస్తూనే పెట్టాడు. పోతే ఏం పోతుందో ఆయనకి తెలుసు.

ఈ పత్రిక పొయ్యిలో కట్టె ఎక్కడిది? అమృతాంజనం అమ్మగా వచ్చిన లాభం. పల్లెటూరి ఆడమనిషి నడుం నొప్పికి రాసుకున్న మందు తాలూకు అణాలు కాగితమై, సీసపు అక్షరమై, సిరా అయ్యాయి. మనం దానం అంటే ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద అనుకుంటాం. పంతులుగారిని విశ్వదాత అన్నారు జనం, దేశోద్ధారక అన్నారు. ఆయన ఎవరెవరి చేతిలో ఎంత పెట్టారన్న ముచ్చట్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అవన్నీ మంచివే. నాకు మటుకు అన్నిటికన్నా పెద్ద దానం పత్రిక పొయ్యి కిందికి ఇంకొకడి కట్టె రానివ్వకపోవడం అనిపిస్తుంది. సర్కారు ప్రకటన కోసం చూడక్కర్లేదు, జమీందారు చందా కోసం చూడక్కర్లేదు. 1910లో ప్రెస్ యాక్టు వచ్చి, పత్రికలు సర్కారు దగ్గర జామీను డబ్బు, అంటే హామీ సొమ్ము, కట్టాలన్నా, ఆ సొమ్ము కోసం ఇంకొకరి గుమ్మం తొక్కక్కర్లేదు. రాసేవాడి వెనక ఒక మందు డబ్బా ఉంది.

జైల్లో పడ్డ గాడిచర్లవారి సంగతి చెప్పానుగా. శిక్ష అనుభవించి బయటికి వచ్చిన ఆ మనిషి తర్వాత కొంతకాలం ఇదే ఆంధ్రపత్రికకి సంపాదకుడయ్యారు. సర్కారు నోట్లో ముల్లులా ఉన్న మనిషిని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాలంటే, వేసేవాడి పెట్టె సొంతానిదై ఉండాలి.

ఇది నాకు ఎందుకంత గుచ్చుకుంటుందో చెబుతాను. నేను ముప్పైనాలుగేళ్ళు విలేకరిగా చేశాను. మొదట పదకొండేళ్ళు కంట్రిబ్యూటర్ని. అంటే జీతం ఉండదు. నెలాఖరున మన వార్తల కటింగులన్నీ కాగితాలకి అంటించి, స్కేలుతో కొలిచి, ఇన్ని సెంటీమీటర్లు అని రాసి పంపాలి. దానికి ఇంత అని వస్తుంది. బస్సు చార్జీలకి చాలదు. పైగా ఆగస్టు 15కి, జనవరి 26కి, కొత్త సంవత్సరానికి, పత్రిక వార్షికోత్సవానికి ప్రకటనలు తేవాలి. ప్రతి విలేకరికీ టార్గెట్ ఉంటుంది. పొద్దున ఎవడి మీద వార్త రాశామో, సాయంత్రం వాడి దగ్గరికే ప్రకటన కోసం వెళ్ళాలి.

ఒక ఊళ్ళో బియ్యపు మిల్లు ఉండేది. ఊకతో బాయిలర్ మండించేవాళ్ళు. ఆ ఊక బూడిద గాలికి లేచి పక్కన ఉన్న కాలనీ మీద పడేది. ఆరవేసిన బట్టలు నల్లబడేవి, పిల్లలకి కళ్ళు మండేవి. ఒకావిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, మిరపకాయలు ఎండబోసిన చాప చూపించింది. ఎర్రగా ఉండాల్సిన మిరపకాయలు బూడిద పూసుకుని ఉన్నాయి. "ఇవి మేం తింటాం బాబూ, సంవత్సరమంతా తినాలి" అంది. నేను వార్త రాశాను. ఫొటో కూడా పంపాను. రాలేదు. మళ్ళీ పంపాను. డెస్కు నుంచి ఫోను వచ్చింది, ఆ మిల్లు యజమాని మనకి పండక్కి పావు పేజీ ఇస్తాడు, తెలియదా అని. ఆ గొంతు కూడా చెడ్డ మనిషి గొంతు కాదండీ. అతనికీ పైనుంచి ఎవరో చెప్పారు. అలా పైకి వెళ్ళేకొద్దీ ఆ పొయ్యి కింద కట్టె ఎవరిదో కనపడుతుంది.

నేనేం చేశానంటే, నాలుగు రోజులు సిగ్గుతో ఆ కాలనీ వైపు వెళ్ళలేదు. ఐదో రోజు ఒక చార్టు కొని, స్కెచ్ పెన్నుతో ఆ వార్త పెద్దక్షరాలతో రాసి, ఆ ఊరి గ్రంథాలయం నోటీసు బోర్డుకి అంటించాను. పేపరు చదవడానికి వచ్చినవాళ్ళంతా అది చదివారు. రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి చూశారు. మిల్లువాళ్ళు పొగగొట్టానికి జాలీ బిగించారు. బూడిద పూర్తిగా ఆగలేదు, కానీ మిరపకాయలు ఎండబోసుకునేంత తగ్గింది. నా ముప్పైనాలుగేళ్ళలో అచ్చుకాని ఆ వార్త నాకు బాగా గుర్తు. ఆ నోటీసు బోర్డు లేకపోతే అదీ లేదు. అందుకే గ్రంథాలయంలో మాట్లాడమంటే నేను ఎక్కడికైనా వస్తాను.

గ్రంథాలయం మాట వచ్చింది కాబట్టి 1914కి వెళదాం. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మొదలైంది. తంబుచెట్టి వీధిలో కార్యాలయం. సరిగ్గా తొమ్మిది రోజులకి, ఏప్రిల్ 10న, బెజవాడ రామ్మోహన గ్రంథాలయంలో ఊరూరి గ్రంథాలయాల వాళ్ళంతా చేరి మొదటి మహాసభ జరుపుకున్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షులు. అయ్యంకి వెంకట రమణయ్యగారు ఆ సభకి ప్రాణం. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది అక్కడే. పత్రికని రోజూ అచ్చువేసే చోటు, ఆ పత్రికని ఊళ్ళో చదివి వినిపించే చోటు, పది రోజుల్లో రెండూ ఏర్పడ్డాయి. ఇది ఎవరో కూర్చుని వేసిన పథకం కాదు. అప్పటి గాలి అలా ఉంది. పంతులుగారు ఆ రెండోదాన్నీ తన పనిగానే ఎత్తుకున్నారు. గ్రంథాలయ సభలకి వెళ్ళడం, అధ్యక్షత వహించడం, సాయం చేయడం చివరి దాకా మానలేదు.

అప్పట్లో తెలుగు పత్రిక అచ్చువేయడం అంటే ఏమిటో ఈ పిల్లలకి చెప్పాలి. ఇంగ్లీషుకి 26 అక్షరాలు, పెద్దవీ చిన్నవీ. మనకో? ప్రతి హల్లుకీ గుణింతం, దాని కింద ఒత్తు, ఒత్తు కింద ఒత్తు. ప్రతిదానికీ ఒక సీసపు ముక్క. కంపోజిటర్ ముందు గూళ్ళు గూళ్ళుగా పెట్టెలు. ఒక్కో ముక్కా ఏరి, తలకిందులుగా, కుడి ఎడమలు మార్చి పేర్చాలి. రోజుకి ఒక పత్రికంతా అలా పేర్చి, రాత్రికి అచ్చువేసి, రైలుకి అందించాలి. మర్నాడు మళ్ళీ ఆ ముక్కలన్నీ విడదీసి ఎవరి గూటిలో వాళ్ళని వేయాలి. వారపత్రిక నడపడం వేరు, దినపత్రిక నడపడం వేరు. రోజూ తెలుగు అక్షరాన్ని చేత్తో పేర్చే పనివాళ్ళకి రోజూ కూలి ఇవ్వాలి, చందా వచ్చినా రాకపోయినా.

దినపత్రిక పెట్టిన నాలుగు నెలలకి ఐరోపాలో యుద్ధం వచ్చింది. మరో నెలన్నరకి, సెప్టెంబరు 22 రాత్రి, ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుళ్ళు పేల్చింది. రేవులో చమురు ట్యాంకులు తగలబడ్డాయి. తంబుచెట్టి వీధి రేవుకి ఎంతో దూరం కాదు. జనం మూటాముల్లె సర్దుకుని పట్నం వదిలి పారిపోయారు. ఇక ఆంధ్రదేశంలో ప్రతి ఊరివాడికీ ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆత్రం. వారానికోసారి వచ్చే కబురు చాలదు. రైల్లో వచ్చిన పేపరు కట్ట కోసం స్టేషన్లో నిలబడడం మన ఊళ్ళకి అలవాటైంది అప్పుడే. చదువు రానివాడు చదువు వచ్చినవాడి చుట్టూ చేరేవాడు. ఒక పేపరుకి ఇరవై మంది చెవులు.

ఒకటి చెప్పాలి. ఆంధ్రపత్రిక భాష చాలాకాలం గ్రాంథికం వైపే మొగ్గింది. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం గొంతు చించుకుంటున్న రోజుల్లోనే ఇది. మా నాన్నగారు చదువుతుంటే నాకు సగం అర్థమయ్యేది కాదు. ఊరి జనానికి రోజూ అందాలని పెట్టిన పత్రిక, ఊరి జనం మాట్లాడే తెలుగుని ఇంకాస్త ముందే లోపలికి రానిచ్చి ఉంటే ఎంత బావుండేది అని నాకు బాధగా ఉంటుంది. ఆయన మీద గౌరవం తగ్గి అంటున్న మాట కాదు. ఇష్టమైనవాళ్ళ గురించే ఇలాంటివి మనసులో పెట్టుకుంటాం.

1924 జనవరిలో భారతి మాసపత్రిక మొదలైంది. దాని గురించి చెప్పడానికి ఇంకో సభ కావాలి. శాసనాల మీద వ్యాసం, కొత్త కవి పద్యం, కథ, పాత తాళపత్రం గురించిన చర్చ, అన్నీ ఒక అట్ట కింద. 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టారు. మంచి పుస్తకాలు సామాన్యుడు కొనుక్కోగల వెలకి ఇవ్వాలని. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పెద్ద పీఠికతో ఆ సంవత్సరమే వచ్చింది. కుమ్మరులు, చాకళ్ళు, మాదిగలు భక్తులుగా నిలబడే ద్విపద కావ్యం అది. పండితులు చాలాకాలం పక్కన పెట్టిన పుస్తకం. దాన్ని వెతికి అచ్చువేయించడం కూడా ఒక ఎంపికే కదా.

వీటిల్లో నాకు బాగా పట్టింది విజ్ఞాన సర్వస్వం సంగతి. కొమర్రాజు లక్ష్మణరావుగారు మునగాల జమీందారు దగ్గర దివాను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ప్రపంచంలోని విద్యలన్నీ తెలుగులో ఉండాలని విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలు తెచ్చారు. మూడు సంపుటాలైనా ఇంకా అకారం దగ్గరే ఉన్నారు, అంత వివరంగా రాయించారు. 1923 జూలై 12న 46 ఏళ్ళకే పోయారు. మనిషితో పాటు పని కూడా పోవడం మన దగ్గర మామూలు. సంతాప సభ పెట్టి, ఆయన ఆశయం నెరవేరాలని నాలుగు మాటలు చెప్పి, శాలువాలు మడిచి ఇంటికి వెళతాం. పంతులుగారు ఆ పనిని తన నెత్తికి ఎత్తుకున్నారు. మళ్ళీ పండితుల్ని కూర్చోబెట్టి, మళ్ళీ రాయించి, తన డబ్బుతో సంపుటాలు వెలువరించారు. పూర్తికాలేదు. అకారం దగ్గర మొదలైన ఆ పని క్షకారం దాకా వెళ్ళాలంటే ఒక మనిషి ఆయుష్షు సరిపోదు. అది ఆయనకి తెలియదనుకోను. ఇంకొకడు మొదలుపెట్టి వదిలిన పనికి, తన పేరు రెండోదిగా పడే పనికి, పూర్తవుతుందో లేదో తెలియని పనికి డబ్బు పెట్టడం ఎంత కష్టమో, ఎప్పుడైనా ఊళ్ళో చందాలు వసూలు చేసినవాళ్ళకి తెలుస్తుంది. కొత్త గుడికి వచ్చినంత తేలిగ్గా పాత బడి పైకప్పుకి రాదు డబ్బు.

ఇంకో చిన్న ముచ్చట. ఇది పెద్దలు చెప్పగా విన్నదే. ఉద్యోగం లేక తిరుగుతున్న ఒక కుర్రవాడు పంతులుగారి దగ్గరికి వెళ్ళి పని ఇప్పించమన్నాడట. ఆయన నీకు తెలుగు వచ్చా అని అడిగారట. కుర్రవాడు, మీకు తెలుగు రాదా అండీ అని ఎదురడిగాడట. ఇప్పటిదాకా నేను మాట్లాడింది తెలుగే కదా, అయినా అలా అడిగారంటే మీకు రాదేమోనని అనుమానం వచ్చింది అన్నాడట. పంతులుగారికి కోపం రాలేదు. ప్రూఫ్ రీడరుగా పెట్టుకున్నారు. ఆ కుర్రవాడు శంకరంబాడి సుందరాచారి. రోజూ బడిలో మీరు పాడే మా తెలుగు తల్లికి పాట ఆయనదే. ఆకలితో వచ్చినవాడి పొగరుని పొగరుగా చూడకుండా ఉండడం, యజమాని కుర్చీలో కూర్చున్నవాడికి అంత సులువు కాదు.

రాజకీయాల్లో ఆయన సంగతి త్వరగా చెబుతాను, అది పుస్తకాల్లో దొరుకుతుంది. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. 1930లో మద్రాసులో టంగుటూరి ప్రకాశం పంతులుగారితో కలిసి ఉప్పు సత్యాగ్రహం నడిపించారు. అప్పటికి అరవై మూడో ఏడు నడుస్తోంది. జైలుకి వెళ్ళారు. జైల్లో కూర్చుని భగవద్గీతకి వ్యాఖ్య రాశారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ అనే గౌరవ పట్టా ఇచ్చింది. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది.

శ్రీబాగ్ మాత్రం చెప్పాలి. మైలాపూరులో ఆయన ఇంటి పేరు అది. 1937 నవంబరు 16న కోస్తా జిల్లాల నాయకులు, రాయలసీమ నాయకులు ఆ ఇంట్లో కూర్చున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే మమ్మల్ని మింగేస్తారేమోనని సీమవాళ్ళకి భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నీళ్ళు లేని నేల, చదువుకి దూరంగా ఉన్న నేల. కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు, ఇటునుంచి కొండా వెంకటప్పయ్యగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, ఇంకా కొందరు మాట్లాడుకుని ఒక కాగితం రాసుకున్నారు. అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్నల నీళ్ళలో పదేళ్ళపాటు సీమకి ముందు వాటా. రాజధాని కావాలో హైకోర్టు కావాలో సీమవాళ్ళే కోరుకోవాలి. ఆ కాగితం ప్రకారమే 1953లో రాజధాని కర్నూలుకి వెళ్ళింది, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకి వచ్చింది. నీళ్ళ సంగతి సీమవాళ్ళని అడగండి, వాళ్ళు ఇంకా చెబుతూనే ఉన్నారు. ఒప్పందాలు ఎక్కడైనా రాసుకోవచ్చు. కానీ అనుమానంతో ఉన్న రెండు వైపులవాళ్ళూ ఇబ్బంది పడకుండా కూర్చోగలిగే వసారా అన్ని ఇళ్ళకీ ఉండదు. ముప్పై ఏళ్ళు పత్రిక నడిపిన ఇల్లు కాబట్టి దానికి అది ఉంది.

ఆ తర్వాత ఐదు నెలలకి, 1938 ఏప్రిల్ 11న, పంతులుగారు పోయారు. ఇంకో ఇరవై రోజులుంటే 71 నిండేవి. పత్రికని అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు అందుకున్నారు. 1991 దాకా నడిచింది.

రెండేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గరికి చెన్నై వెళ్ళినప్పుడు పనిగట్టుకుని మైలాపూరులోని లజ్‌కి వెళ్ళాను. అక్కడ నాగేశ్వరరావు పార్కు ఉంది, 1949లో ఆయన పేరున తెరిచింది. పొద్దున్నే వెళితే ముసలివాళ్ళు నడుస్తున్నారు, పిల్లలు ఆడుతున్నారు, బెంచీ మీద ఒకాయన తమిళ పేపరు చదువుకుంటున్నాడు. నా వచ్చీరాని తమిళంలో అడిగాను, ఈ పేరు ఎవరిదండీ అని. అమృతాంజనం ఆయనది అన్నాడు. అంతే తెలుసు ఆయనకి. పత్రిక సంగతి చెప్పాను. చేతిలో పేపరు మడిచి పెట్టి, పక్కకి జరిగి, కూర్చోమని చోటిచ్చాడు. ఒక గంట మాట్లాడుకున్నాం. ఆయన ఎల్లైసీలో పనిచేసి రిటైరయ్యాడట. పేపరుకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని నేను చెబుతుంటే, ఆయన తన చేతిలో ఉన్న పేపరు పేజీలు తిప్పి, ప్రకటనలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ మొత్తం ప్రకటనే. ఆయనే నా వైపు చూసి తల ఊపాడు.

ఆ పని మీరూ ఒకసారి చేయండి. రేపు పొద్దున్న ఇక్కడికి వచ్చి బల్ల మీద పేపరు తెరిచి, ఏ వార్త పక్కన ఏ ప్రకటన ఉందో చూడండి. మన ఊరి వార్త ఎక్కడుందో చూడండి. లేకపోతే ఎందుకు లేదో అడగండి. అడిగినా రాకపోతే, అదిగో ఆ నోటీసు బోర్డు ఖాళీగానే ఉంది. వేసవి శిబిరం కాగితం ఒకటి తప్ప ఏమీ లేదు దాని మీద.

వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు ఎంత జాగ్రత్తగా దాచారో చూసినవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు. నేను అక్కడ రెండు రోజులు కూర్చుని పాత ఆంధ్రపత్రికలు తిరగేశాను. కాగితం ముట్టుకుంటే పొడి రాలుతుంది. అది చూశాకే మా నాన్నగారి ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి తెరిస్తే, నాలుగైదు సంచికల్లో మిగిలింది ఒక్కటే. మిగతావి చెదలు తినేశాయి. తప్పు నాదే, ముప్పై ఏళ్ళు ఆ పెట్టె అటక మీద వదిలేశాను.

ఆ ఒక్క ఉగాది సంచిక తెచ్చాను. ఇదిగో. అట్ట ఊడిపోతే విజయవాడలో బైండింగు చేయించాను. మొదటి పేజీలో మా నాన్నగారి సంతకం ఉంది, అక్కడక్కడా పెన్సిలు గీతలు ఉన్నాయి, అవి కూడా ఆయనవే. అక్కడక్కడా పసుపుపచ్చ మరకలున్నాయి. బైండింగు కుర్రాడు తుడవబోతే వద్దన్నాను. ఇది ఈ గ్రంథాలయానికి ఇస్తున్నాను. అమ్మా, రిజిస్టరులో ఎక్కించుకో. బీరువాలో పెట్టి తాళం వేయకు. అడిగినవాళ్ళకి ఇయ్యి, ఇక్కడే కూర్చుని చదువుకుంటారు. పేజీలు కొంచెం మెల్లగా తిప్పమను.